దెబ్బ తగిలాక మంచం దిగేదెప్పుడు?



తలకు దెబ్బ తగిలి మన ఫిజియోథెరపీ విభాగానికి వచ్చేవారిలో రెండు రకాల వారు ఎక్కువగా కనిపిస్తారు. మొదటి రకం వారు దెబ్బ తగిలిన మూడో రోజే, తల తిరుగుతున్నా సరే, నాగాలు పడతాయని డ్యూటీకి పోతారు. రెండో రకం వారు స్కానింగ్‌లో భయపడాల్సింది ఏమీ లేదని డాక్టరు చెప్పినా, నెల రోజుల పాటు కిటికీలు మూసుకొని మంచం మీదే ఉంటారు. మొదటి వారికి తొందర, రెండో వారికి భయం. ఇద్దరూ ఆలస్యంగానే కోలుకుంటారు. నడుం నొప్పి, మెడ నొప్పి విషయంలో కూడా మన సింగరేణి కుటుంబాల్లో జరిగేది ఇదే. అందుకే ఈ సంచికలో విశ్రాంతి ఎంత తీసుకోవాలి, కదలిక ఎప్పుడు మొదలు పెట్టాలి అన్న విషయం వివరంగా తెలుసుకుందాం.

కంకషన్ అంటే ఏమిటి?

మెదడు పుర్రెలో బిగించి కట్టినట్టు ఉండదు. చుట్టూ ఉన్న ద్రవంలో తేలుతున్నట్టు ఉంటుంది. తలకు గానీ, మెడకు గానీ గట్టి కుదుపు తగిలితే మెదడు లోపల ఊగుతుంది. పుర్రె పగలదు, రక్తం గడ్డ కట్టదు. కానీ మెదడు కణాలు పని చేసే తీరు కొన్ని రోజుల పాటు గాడి తప్పుతుంది. దీన్నే వైద్యులు కంకషన్ అంటారు. 'మెదడు అదిరింది' అని మన పెద్దలు అనే మాట దీనికి సరిగ్గా సరిపోతుంది.

తలనొప్పి, తల తిరగడం, వికారం, వెలుతురు చూడలేకపోవడం, చప్పుడు భరించలేకపోవడం, మాట గుర్తుకు రాకపోవడం, చిన్న దానికి కోపం లేదా ఏడుపు, నిద్ర పట్టకపోవడం లేక మరీ ఎక్కువ నిద్ర... ఇవి దీని లక్షణాలు. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకోకండి. చాలామందికి స్పృహ తప్పనే తప్పదు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. సీటీ స్కాన్ బాగుందంటే లోపల రక్తస్రావం లేదని అర్థం. అసలేమీ జరగలేదని అర్థం కాదు. "స్కానింగ్‌లో ఏం లేదట, ఊరికే నాటకమాడుతున్నాడు" అని ఇంట్లో వాళ్ళే అనడం వింటుంటాం. కంకషన్ సాధారణంగా స్కాన్‌లో కనపడదు. మాటలతో, పరీక్షలతో తెలుసుకోవలసిందే.

మన ప్రాంతంలో ఈ దెబ్బలు ఎన్ని రకాలుగానో తగులుతాయి. బొగ్గుబాయిలో కప్పు నుంచి పెళ్ళ రాలి హెల్మెట్ మీద పడవచ్చు. వంగి నడుస్తూ ఇనుప దూలానికి తల కొట్టుకోవచ్చు. ఓపెన్‌కాస్టులో డంపర్ నిచ్చెన దిగుతూ కాలు జారవచ్చు. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. అయినా లోపల మెదడు ఊగడాన్ని అది పూర్తిగా ఆపలేదు. ఇక బాయి బయట రాజీవ్ రహదారి మీద బైకు ప్రమాదాలు, బాత్‌రూములో జారిపడే పెద్దవాళ్ళు, కబడ్డీలో తలలు గుద్దుకునే పిల్లలు ఉండనే ఉన్నారు. గోదావరిఖనిలో గని ప్రమాదం అనగానే 2003 జూన్ 16న జీడీకే-7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయిన దుర్దినమే అందరికీ గుర్తుకొస్తుంది. అలాంటివి పేపర్లలో వస్తాయి. తలకు తగిలిన చిన్న దెబ్బను మాత్రం తగిలినవాడే ఎవరికీ చెప్పుకోడు.

వెంటనే ఆసుపత్రికి రావలసిన సూచనలు

వ్యాయామం మాట తర్వాత. ముందు ఇవి చూడండి. తలనొప్పి గంట గంటకూ పెరగడం, మళ్ళీ మళ్ళీ వాంతులు, లేపితే లేవనంత మగత, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దది కావడం, ఒక చేయి లేదా కాలు బలహీనపడడం, మాట తడబడడం, ముక్కులో నుంచి గానీ చెవిలో నుంచి గానీ నీళ్ళలాంటి ద్రవం లేదా రక్తం కారడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. గుండె జబ్బుకు రక్తం పలచబడే మందులు వాడేవారు, 65 ఏళ్ళు దాటినవారు ఈ సూచనలు లేకపోయినా ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి. మెడ ఎముక మీద నొప్పి ఉంటే, చేతులు తిమ్మిరెక్కుతుంటే, మెడ కదల్చకుండా తీసుకురండి. ఆటోలో కూర్చోబెట్టి తేవద్దు.

మరొక సంగతి చెప్పక తప్పదు. మన బస్తీల్లో రాత్రిపూట ఎవరైనా పడిపోతే, నోట మందు వాసన వస్తే, "తాగి పడ్డాడులే, పొద్దున్నకు లేస్తాడు" అని పక్కకు జరిపి పడుకోబెడతారు. తాగినవాడి మత్తు, మెదడులో రక్తస్రావంతో వచ్చే మగత చూడడానికి ఒకే తీరుగా ఉంటాయి. తాగి పడినవాడికి తల మీద బుగ్గ లేచినా, గీరుకుపోయినా మత్తు దిగేదాకా ఆగకండి. ఆసుపత్రికి తీసుకురండి.

డాక్టరు చూసి ఇంటికి పంపిన తర్వాత కూడా మొదటి 24 గంటలు పక్కన ఒక పెద్ద మనిషి ఉండాలి. రోగి నిద్రపోవచ్చు. "నిద్రపోనీయొద్దు" అని రాత్రంతా కూర్చోబెట్టడం అవసరం లేదు. డాక్టరు చెప్పిన ప్రకారం మధ్యలో లేపి పేరు, ఊరు అడిగితే చాలు. మొదటి రెండు రోజులు నొప్పికి పారాసిటమాల్ తప్ప డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటివి సొంతంగా వేసుకోవద్దు.

రెండు రోజులు విశ్రాంతి, ఆ తర్వాత నడక

పూర్వం కంకషన్ వస్తే చీకటి గదిలో లక్షణాలన్నీ పోయేదాకా పడుకోమనేవారు. ఇప్పుడు ఆ సలహా మారింది. క్రీడాకారుల తల దెబ్బల మీద వైద్యుల అంతర్జాతీయ సమావేశాలు 2001లో వియన్నాలో మొదలై కొన్నేళ్ళకొకసారి జరుగుతున్నాయి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన సమావేశం ఒక విషయం తేల్చి చెప్పింది. మొదటి 24 నుంచి 48 గంటలు మాత్రమే విశ్రాంతి, అది కూడా పూర్తి పడక కాదు. ఆ తర్వాత తేలికపాటి నడక మొదలు పెట్టినవారు, పడుకొని ఉన్నవారి కంటే త్వరగా కోలుకుంటున్నారు. ఆ సమావేశం ఆటగాళ్ళ గురించి మాట్లాడింది, బొగ్గు కార్మికుల గురించి కాదు. అయినా ఆటగాడి మెదడు, కార్మికుడి మెదడు వేరు కాదు గనుక మేము కూడా అదే మార్గం పాటిస్తాము.

మరి ఎంత నడవాలి? దీనికి ఒక సులువైన లెక్క ఉంది. నడకకు ముందు మీ తలనొప్పికి, తల తిరుగుడుకు పదికి ఎన్ని మార్కులో వేసుకోండి. నడుస్తున్నప్పుడు అది రెండు మార్కులకు మించి పెరగకూడదు. పెరిగినది గంటలోపు తగ్గిపోవాలి. ఉదాహరణకు మూడు మార్కుల నొప్పితో బయలుదేరి నాలుగైందంటే భయపడకండి, నడవండి. ఆరైందంటే ఆగి కూర్చోండి, రేపు వేగం తగ్గించండి. మొదట ఇంటి ముందు 10 నిమిషాలు, రెండు మూడు రోజుల తర్వాత 15, ఆ తర్వాత 20. పక్కవారితో మాట్లాడుతూ నడవగలిగేంత వేగం చాలు. మన రామగుండం ఎండల సంగతి తెలిసిందే కదా, మే నెలలో సూర్యుడు పైకి రాకముందే నడక ముగించాలి. లేకపోతే తలనొప్పి దెబ్బ వల్లో, ఎండ వల్లో మాకు కూడా తెలియదు.

మొదటి రెండు రోజులు టీవీ, సెల్‌ఫోన్ బాగా తగ్గించండి. తర్వాత కూడా కొద్ది కొద్దిగానే చూడండి. సారా, బీరు పూర్తిగా మానాలి. పెద్దవారిలో చాలామంది కొద్ది వారాల్లోనే మామూలు మనుషులవుతారు. నాలుగు వారాలు దాటినా లక్షణాలు మిగిలితే, లేదా పది రోజుల తర్వాత కూడా మెడ నొప్పి, తల తిరుగుడు వదలకపోతే ఫిజియోథెరపీ అవసరం పడుతుంది.

తల తిరుగుడు ఎక్కడి నుంచి వస్తుంది?

"తలకు దెబ్బ తగిలింది, అందుకే తల తిరుగుతోంది" అనుకుంటాం. చాలాసార్లు కారణం మెదడులో ఉండదు, మెడలోనో చెవిలోనో ఉంటుంది. ఇది తెలియక నెలల తరబడి తల తిరుగుడు మాత్రలు మింగేవారు ఎందరో.

మొదట మెడ. తలను కుదిపిన దెబ్బ మెడను కూడా కుదుపుతుంది. పుర్రె మొదట్లో ఉండే చిన్న చిన్న కండరాలు బిగుసుకుపోయి, నొప్పి వెనుక నుంచి కణతల దాకా, కంటి దాకా పాకుతుంది. ఈ తలనొప్పి మెడ తిప్పితే పెరుగుతుంది. దీనికి చేతితో చేసే చికిత్స, వ్యాయామం రెండూ కలిపి ఇస్తాము. ఇంట్లో చేయదగినది ఒకటి చెబుతాను. గోడకు వీపు ఆనించి నిలబడి, తల వంచకుండా గడ్డాన్ని నెమ్మదిగా లోపలికి లాగండి. గడ్డం కింద మడత పడాలి. 5 సెకన్లు ఉంచి వదలండి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలు. మంగలి దుకాణంలో మెడ 'టక్'మనిపించుకోవడం మాత్రం దెబ్బ తగిలిన మెడకు ఎంత మాత్రం పనికిరాదు. మామూలు మెడకు కూడా వద్దనే నా సలహా.

రెండోది చెవి. లోపలి చెవిలో మన నిలకడను కాపాడే భాగంలో సన్నని సున్నపు రేణువులు ఉంటాయి. తలకు దెబ్బ తగిలినప్పుడు అవి ఊడి, పక్కనున్న అర్ధచంద్రాకార గొట్టాల్లోకి జారుతాయి. అప్పుడు మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిల్లగానే గది గిర్రున తిరుగుతుంది, నిమిషంలోపే ఆగుతుంది. మళ్ళీ ఒత్తిగిల్లితే మళ్ళీ తిరుగుతుంది. దీనికి మందులతో పని తక్కువ. జాన్ ఎప్లీ అనే అమెరికా చెవి వైద్యుడు 1992లో ప్రచురించిన పద్ధతి ప్రకారం రోగిని పడుకోబెట్టి తలను ఒక వరుసలో తిప్పితే రేణువులు తిరిగి తమ చోటికి చేరతాయి. పట్టుమని పది నిమిషాలు పట్టదు. చాలామందికి ఒకటి రెండుసార్లకే నయమవుతుంది. నెలల బాధ ఇంత తేలికగా పోవడం చూసి ఏదో అద్భుతం జరిగిందనుకునేవారున్నారు. ప్రభువు ఇచ్చిన చెవి నిర్మాణాన్ని అర్థం చేసుకున్నాం, అంతే. అయితే ఏ చెవిలో, ఏ గొట్టంలో అన్నది పరీక్షించి తెలుసుకున్న తర్వాతే చేయాలి. ఇంట్లో ప్రయోగాలు వద్దు.

మూడోది చూపు, తల కదలికల పొంతన. తల తిప్పినప్పుడు కళ్ళ ముందరి వస్తువు కదిలినట్టు అనిపిస్తుంది. దీనికి చేయి చాచి బొటనవేలు కళ్ళ ఎదురుగా పెట్టుకొని, చూపు గోరు మీదే నిలిపి, తలను నెమ్మదిగా కుడి ఎడమలకు తిప్పాలి. మొదట కూర్చొని 30 సెకన్లు. కుదురుకున్నాక నిలబడి, ఆ తర్వాత నడుస్తూ. మార్కుల లెక్క దీనికి కూడా వర్తిస్తుంది.

డ్యూటీకి ఎప్పుడు పోవచ్చు?

అందరూ అడిగే ప్రశ్న ఇది. ఆఫీసు కుర్చీలో పని అయితే వారంలోపే కొద్ది గంటలు మొదలు పెట్టవచ్చు. భూగర్భ గని సంగతి వేరు. కప్పు పలికిన చప్పుడు విని పక్కకు తప్పుకోవడానికి అక్కడ దొరికేది క్షణమే. కంకషన్ తగ్గని మనిషి చప్పుడు వింటాడు గానీ అడుగు వేయడం ఆలస్యమవుతుంది. డంపర్ నడిపేవారికి, ఎత్తుల మీద పనిచేసేవారికి, కరెంటు పని వారికి ఇదే మాట. పైగా మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగిలితే కోలుకోవడం చాలా కాలం పడుతుంది.

అందుచేత మేము కొన్ని మెట్లు పెట్టుకున్నాము. అరగంట చురుకుగా నడిచినా లక్షణాలు పెరగకూడదు. రెండంతస్తుల మెట్లు ఎక్కి దిగగలగాలి. వంగి బరువెత్తినా, తల గబుక్కున తిప్పినా తూలకూడదు. రాత్రి నిద్ర సరిగా పట్టాలి. ఇవన్నీ దాటాక డాక్టరు సలహాతో కొన్నాళ్ళు సర్ఫేస్ పని, లైట్ జాబ్. ఆ తర్వాతే బాయి దిగడం. దెబ్బ డ్యూటీలో తగిలి ఉంటే ముందుగా కంపెనీ డిస్పెన్సరీలో గానీ, గోదావరిఖని ఏరియా ఆసుపత్రిలో గానీ చూపించి, దెబ్బ సంగతి కాగితం మీద రాయించండి. 'చిన్నదే కదా' అని ఊరుకుంటే నెల తర్వాత తల తిరిగినప్పుడు చెప్పుకోవడానికి ఆధారం ఉండదు.

నడుం నొప్పి: బెల్టు, ట్రాక్షన్, ఎంఆర్ఐ

తట్టా చెమ్మస్ కాలంలో పనిచేసి రిటైరైన పెద్దలు తమ నడుముల గురించి చెబితే ఒక పుస్తకమవుతుంది. వంగి తట్ట నింపి, ఎత్తి, టబ్బులో పోసిన నడుములవి. ఇప్పుడు ఎస్‌డీఎల్ యంత్రాలు, ఓపెన్‌కాస్టులో 100 టన్నుల డంపర్లు వచ్చాయి. బరువెత్తే పని తగ్గింది, కానీ గుంతల దారిలో గంటల తరబడి డంపర్ సీటులో కూర్చుంటే ఆ అదురు వెన్నెముకకు ఎక్కుతుంది. డంపర్ దిగగానే వంగి బరువెత్తవద్దు. ముందు అయిదు నిమిషాలు నడిచి, నడుం మీద చేతులు పెట్టి నాలుగైదుసార్లు వెనక్కు వంగండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారు. ఇది ఒక్క బొగ్గు కార్మికుల జబ్బు కాదు. ఎక్కువ భాగం నొప్పులకు ఎముక విరగడమో, నరం తెగడమో కారణం కాదు. ఎంఆర్ఐలో 'డిస్క్ బల్జ్' అని రాసి ఉంటే చాలామంది హడలిపోతారు. ఏ నొప్పీ లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కానులను కలిపి చూసిన ఒక పరిశీలన 2015లో వెలువడింది. 20 ఏళ్ళ వారిలోనే 30 శాతం మందికి, 50 ఏళ్ళ వారిలో 60 శాతం మందికి డిస్క్ ఉబ్బి ఉంది. నెరిసిన వెంట్రుకల లాంటిది అది. ఉన్నంత మాత్రాన జబ్బు కాదు.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాల నడుం నొప్పికి మార్గదర్శకాలు విడుదల చేసింది. వ్యాయామం, రోగికి అవగాహన కల్పించడం మంచివంది. నడుం బెల్టులు, ట్రాక్షన్ మామూలుగా వాడవద్దంది. మన దగ్గర ట్రాక్షన్ పెట్టకపోతే "ఏం వైద్యం చేసినట్టు?" అని చిన్నబుచ్చుకుంటారు. బెల్టు కొనివ్వకపోతే కొడుకు ప్రేమలో లోటని తల్లిదండ్రులు బాధపడతారు. ఆ డబ్బుతో మంచి నడక చెప్పులు కొనిపెట్టండి.

వ్యాయామాల్లో మొదటిది నడక. రెండోది, వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడిచి నడుమును పైకెత్తి 5 సెకన్లు నిలపడం. మూడోది, బోర్లా పడుకొని మోచేతుల మీద లేచి ఉండడం. మూడోది అందరికీ సరిపడదు. నొప్పి కాలిలోకి దిగుతుంటే ఆపి మాకు చూపించండి. మంచం దిగేటప్పుడు సూటిగా లేవకుండా పక్కకు ఒత్తిగిల్లి చేతుల ఆసరాతో లేవండి. మోకాళ్ళ నొప్పులకు కూడా తొడ కండరాల బలమే మందు. ఆ విషయం మరో సంచికలో రాస్తాము.

మూత్రం, విరేచనం పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా అదే రోజు ఆసుపత్రికి రావాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట పెరిగే నొప్పి ఉంటే వెన్నెముక క్షయ కావచ్చు, పరీక్ష చేయించాలి.

ఒక మాట మొహమాటం లేకుండా రాయాలి. కొందరి మనసులో నొప్పి కంటే మెడికల్ బోర్డు పెద్దదిగా ఉంటుంది. నొప్పి తగ్గితే అన్‌ఫిట్ కారు, అన్‌ఫిట్ కాకపోతే కొడుక్కి కారుణ్య నియామకం రాదు. చదువుకున్న కొడుకు ఖాళీగా తిరుగుతుంటే తండ్రి అలా ఆలోచించడాన్ని నేను తప్పు పట్టను. కానీ నొప్పిని దాచిపెట్టుకుంటూ వ్యాయామం చేయడం కుదరదు. రెండేళ్ళు వంగి నడిచి చూపించిన మనిషికి మూడో ఏడు నిటారుగా నిలబడాలన్నా నడుం సహకరించదు. ఉన్న బలాన్ని నిలుపుకోండి. మిగతాది నిజాయితీగా బోర్డుకు చెప్పండి.

సంఘస్థులకు, ఇంటివారికి

ఈ వైద్యం మిషన్ ఆసుపత్రులకు కొత్త కాదు. వెల్లూరు సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు 1954లో వాహన ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చొనే డాక్టర్ పాల్ బ్రాండ్ దగ్గర కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తర్వాత అమెరికా వెళ్ళి పునరావాస వైద్యం చదివి వచ్చి, 1960లలో వెల్లూరులో ఆ విభాగాన్ని నిర్మించారు. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించింది. లేవలేని మనిషిని పడుకోబెట్టి ఉంచడమే సేవ అనుకునే రోజుల్లో ఆమె మనిషిని పనిలోకి తిరిగి పంపడమే వైద్యమని చూపించారు.

మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చిన సంగతి మనకందరికీ తెలుసు. నలుగురు అవసరమే. అయితే కంకషన్ రోగి ఇంటికి నలుగురూ ఒకేసారి వెళ్ళి, గంటసేపు పాటలు పాడి, గట్టిగా ప్రార్థన చేస్తే అతని తలనొప్పి పెరుగుతుంది. మొదటి వారంలో ఒకరిద్దరే వెళ్ళండి, నెమ్మదిగా, క్లుప్తంగా ప్రార్థించండి. రెండో వారంలో పోతే కూర్చోకండి, అతన్ని వెంటబెట్టుకొని నడవండి. ఆరాధనలో స్పీకరు బాక్సుల పక్కన కాకుండా వెనుక, తలుపు దగ్గర కుర్చీ వేయండి. త్రోయలో పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగితే ఐతుకు నిద్రపోయి మూడో అంతస్తు కిటికీ నుంచి పడిన సంగతి అపొస్తలుల కార్యములలో ఉంది. మన పాస్టర్లు కూడా ఆ నెల ప్రసంగం కొంచెం తగ్గిస్తే రోగులు సంతోషిస్తారు!

కోపం, మరపు కూడా జబ్బులో భాగమేనని భార్యాబిడ్డలు గుర్తుంచుకోవాలి. నెలలు గడిచినా దిగులు, నిద్రలేమి తగ్గకపోతే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి.

ఫిజియోథెరపీకి వచ్చేటప్పుడు పాత స్కానులు, ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీ తీసుకురండి. దెబ్బ ఎప్పుడు, ఎలా తగిలిందో చూసినవారు ఎవరైనా ఉంటే వెంట తీసుకురండి, ఎందుకంటే తగిలినవారికి చాలాసార్లు అది గుర్తుండదు. వదులు బట్టలు వేసుకోండి. యైటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ వైపు నుంచి వచ్చేవారు తల తిరుగుతున్నప్పుడు ఒంటరిగా బైకు మీద రావద్దు. బస్సులో గానీ ఆటోలో గానీ ఎవరినైనా తోడు తీసుకొని రండి. రోజూ రానవసరం లేదు. వారానికి ఒకటి రెండుసార్లు వచ్చి వ్యాయామం నేర్చుకొని, మిగతా రోజులు ఇంట్లో చేసుకుంటే సరిపోతుంది. రోజువారీ మార్కులు రాసుకోవడానికి ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి.